మకుటం నుంచి లేబిలు దాకా: జానపదం రికార్డుకెక్కిన చరిత్ర

1

ప్రజల పాటను గురించి మన విమర్శకులు తక్కువేమీ రాయలేదు. 1958లో అచ్చయిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మొదలుకొని వర్గీకరణలు జరిగాయి, సేకరణలు వచ్చాయి, ఛందస్సును గురించీ వస్తువును గురించీ చర్చలు సాగాయి. కాని ఆ పాట పొలంగట్టునూ భజనగుడినీ వదలి స్టూడియో గదిలోకి వెళ్ళినప్పుడు దానికి ఏమవుతుంది? ఎవరి పేరు నిలుస్తుంది, ఎవరి పేరు పోతుంది? రికార్డు అమ్మగా వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది? ఈ ప్రశ్నలను మనం చాలాకాలం వ్యాపారపు లెక్కలుగా భావించి పక్కకు పెట్టాం. ఇవి వ్యాపారపు లెక్కలు మాత్రమే కావు. పాట ఎవరిదనే ప్రశ్న సాహిత్య చరిత్రకు మౌలికమైన ప్రశ్న.

దీనిని పరిశీలించడానికి 1966లో లండనులో తయారైన ఒక రికార్డు నుంచి బయలుదేరుదాం. అది ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండ్ అనే బృందం తొలి ఎల్పీ. సైకడెలిక్ జానపదం అని పేరుపడిన ధోరణికి ఆద్యులలో ఆ బృందాన్ని లెక్కిస్తారు. పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు వైపు పల్లెల్లో చెక్కభజన వినే మనకు ఆ రికార్డుతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉన్నది. జానపదం స్టూడియోలో అడుగు పెట్టగానే తలెత్తే చిక్కులన్నీ ఆ ధోరణి చరిత్రలో విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ ఒకసారి చూస్తే ఇక్కడ గుర్తుపట్టడం తేలిక.

2

'సైకడెలిక్' అనే మాట పుట్టింది పాటగాళ్ళ మధ్య కాదు, వైద్యుల మధ్య. మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1956లో రచయిత ఆల్డస్ హక్స్‌లీతో నడిపిన ఉత్తరాలలో రెండు గ్రీకు మాటలు కలిపి దీన్ని కల్పించాడు. మనస్సును వెల్లడి చేసేది అని దీని అర్థం. ఎల్‌ఎస్‌డి వంటి మందులను ఉద్దేశించి చేసిన మాట ఇది. 1964లో అమెరికాకు చెందిన హోలీ మోడల్ రౌండర్స్ అనే జంట ఒక పాత జానపద గీతం పాడుతూ ఈ మాటను అందులో చేర్చింది. రికార్డుకెక్కిన పాటలో ఈ మాట వినిపించడం అదే మొదలని చెబుతారు. అంటే సంగీతంలోకి ఈ మాట వచ్చిందే జానపదం భుజమెక్కి అన్నమాట.

ఇది కేవలం మత్తు సంగీతమని కొట్టివేయడం సులభం. కాని చరిత్ర దృష్టితో చూసేవారికి అది సరిపోదు. 1960ల నడుమ అమెరికా వియత్నాం మీద బాంబులు కురిపిస్తున్నది. అణు యుద్ధం నీడలో పెరిగిన ఒక తరం, సరుకుల మీద సరుకులు పోసే తమ సమాజాన్ని చూసి విసిగిపోయింది. ఆ విసుగు రెండు దారుల్లో నడిచింది. ఒక దారి వీధిలోని ఊరేగింపు. మరొక దారి తన లోపలికి, గతంలోకి, తూర్పు దేశాల వైపుకు. సైకడెలిక్ జానపదం ఈ రెండవ దారిలో పుట్టింది. దానిలో తిరుగుబాటు ఉన్నది, పలాయనమూ ఉన్నది. రెంటిలో ఏ ఒక్కదాన్నే చూసినా తప్పుడు తీర్మానానికి వస్తాం.

ఆ యువకులకు పాత పాట ఎక్కడ దొరికింది? పల్లెల్లో కాదు, రికార్డుల్లోనే. హారీ స్మిత్ అనే సేకర్త 1927-1932 మధ్య కంపెనీలు విడుదల చేసి మరచిపోయిన 78 వేగపు రికార్డుల నుంచి 84 పాటలు ఏరి కూర్చగా, ఫోక్‌వేస్ కంపెనీ 1952లో ఆరు ఎల్పీలుగా విడుదల చేసింది. ఆ పాటలు పాడినవారు పత్తి చేలల్లోనూ గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసినవారు. నల్లవారు, పేద తెల్లవారు. ఆ సంకలనాన్ని పాఠ్యగ్రంథంలా వల్లించి ఒక తరం విద్యార్థులు గాయకులయ్యారు.

ఆ సంకలనంలో మిసిసిపీ జాన్ హర్ట్ అనే నల్లజాతి గాయకుడు ఉన్నాడు. ఆయన 1928లో రికార్డులకు పాడాడు. వెంటనే ఆర్థిక సంక్షోభం వచ్చింది, కంపెనీ చేతులెత్తేసింది, ఆయన పొలం పనికి తిరిగి వెళ్ళాడు. 35 ఏళ్ళ పాటు ఆయన గొంతు నగరాల్లో తిరిగింది, ఆయన మాత్రం అవలాన్ అనే కుగ్రామంలో మట్టి పిసుకుతూ ఉన్నాడు. తన ఊరి పేరు పాటలో పాడుకున్నాడు గనక, దాని ఆధారంగా 1963లో ఒక అభిమాని వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నాడు. మరి మూడేళ్ళు పాడి 1966లో హర్ట్ చనిపోయాడు. మనం తీసుకున్న రికార్డు వెలువడిన సంవత్సరం కూడా అదే.

3

ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండ్ స్కాట్లండుకు చెందిన బృందం. రాబిన్ విలియమ్సన్, క్లైవ్ పామర్ ఎడిన్‌బరోలో జంటగా పాడేవారు. 1965లో మైక్ హెరన్ వారితో కలిశాడు. 1966లో పామర్ గ్లాస్గో నగరంలో రాత్రంతా నడిచే ఒక జానపద గాన క్లబ్బు పెట్టాడు. అది ఎంతోకాలం నిలవలేదు. ఆ రోజుల్లో ఎలెక్ట్రా కంపెనీ లండను శాఖ తరఫున పనిచేస్తున్న జో బాయిడ్ అనే అమెరికన్ యువకుడు వారిని స్టూడియోకు తీసుకుపోయాడు. చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో పాడిన 16 పాటలతో 1966 జూన్‌లో వారి ఎల్పీ, బృందం పేరుతోనే, బయటికి వచ్చింది.

ఈ ధోరణి పేరు విని వింత శబ్దాల కోసం ఆ రికార్డు పెట్టుకున్నవారికి ఆశాభంగం కలుగుతుంది. గిటారు, బాంజో, ఫిడేలు, మాండలిన్, ఈలపాటి చిన్న వేణువు, ముగ్గురి గొంతులు. చాలా పాటల్లో ఇద్దరు, కొన్నింటిలో ఒక్కడే. సైకడెలిక్ అనదగిన హంగు 1967లో వచ్చిన రెండో ఎల్పీలోనే కనిపిస్తుంది. ఆ నడుమ పామర్ బృందం వదలి అఫ్ఘానిస్తాన్, భారతదేశాల వైపు బయలుదేరాడు. విలియమ్సన్ మొరాకో వెళ్ళి అక్కడి వాద్యాలు చేత పట్టుకుని వచ్చాడు. రెండో ఎల్పీలో సితారు వినిపిస్తుంది. వాయించినవాడు నజీర్ జైరజ్‌భాయ్, మన సంగీత శాస్త్రంలో పండితుడు.

అయినా చరిత్రకారుడికి మొదటి ఎల్పీయే ముఖ్యం. ఎందుకంటే తొలి రికార్డు ఒక హద్దు. దానికి ముందు ఆ బృందం క్లబ్బులో పాడుతున్నది. ఎవరి పాట ఎవరు పాడినా అక్కడ అడిగేవాడు లేడు. పాత పాటకు కొత్త చరణం తగిలించవచ్చు, నిన్న పది నిమిషాలు పాడినదాన్ని ఇవాళ మూడు నిమిషాలలో ముగించవచ్చు. స్టూడియోలోకి వెళ్ళిన రోజున మూడు పనులు జరుగుతాయి. పాటకు నిడివి ఖాయమవుతుంది. పాడిన పద్ధతులలో ఒకటి అసలు పాఠమవుతుంది. పాట పక్కన బ్రాకెట్లలో ఒక పేరు పడుతుంది.

ఈ మూడో పనే అతి ముఖ్యమైనది. ఆ 16 పాటల్లో అత్యధిక భాగం పాడినవారు స్వయంగా రాసుకున్నవే. హెరన్ పేరు, విలియమ్సన్ పేరు, ఒకచోట పామర్ పేరు ఉంటాయి. ఊరుమ్మడి పాటలు, వాద్యపు వరసలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. జానపద బృందమని పిలిపించుకున్నవారి తొలి రికార్డులో జానపదం ఇంత తక్కువ కావడం మొదట వింతగా తోస్తుంది. దీనిలో మెచ్చవలసింది ఉన్నది: తమవి కానివాటిని తమవని చెప్పుకోకుండా, పాత పాట వద్ద నేర్చుకుని కొత్త పాట కట్టారు. గమనించవలసిందీ ఉన్నది: పాటకు కర్త ఉంటేనే ప్రతి అమ్మకం మీద కర్తకు రుసుము వస్తుంది. ఊరుమ్మడి పాటకు రుసుము లేదు. గనక రికార్డు పరిశ్రమ ఏ గాయకుణ్ణయినా కర్తవు కమ్మని నెడుతుంది. ఉమ్మడి పాటను సవరించిన వాడు సవరణ పేరుతో తన సంతకం పెట్టడం పాశ్చాత్య జానపద రికార్డులలో మామూలైపోయింది. ఊరి బంజరు పట్టా భూమిగా మారినట్టే ఇది.

4

ఈ వ్యవస్థలో తూర్పు దేశపు గాయకుడికి దక్కిన చోటు ఏమిటో చెప్పడానికి ఒక అట్టబొమ్మ చాలు. 1967లో బెంగాలు బావుల్ గాయకుడు పూర్ణదాస్, లక్ష్మణదాస్ మొదలైనవారు, బాబ్ డిలాన్ వ్యవహారాలు చూసే ఆల్బర్ట్ గ్రాస్‌మన్ పిలుపు మీద అమెరికా వెళ్ళారు. ఆ ఏడాది చివర డిలాన్ విడుదల చేసిన 'జాన్ వెస్లీ హార్డింగ్' ఎల్పీ అట్ట మీద ఆ ఇద్దరు బావులు డిలాన్‌కు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. అట్ట మీద బొమ్మ ఉన్నది, రికార్డులో వారి గొంతు లేదు. వుడ్‌స్టాక్ దగ్గర ఒక ఇంటి నేలమాళిగలో గార్త్ హడ్సన్ వారి పాటలు పట్టాడు. అవి విడిగా ఒక రికార్డుగా వచ్చాయి. డిలాన్ అట్టను చూసిన లక్షల మందిలో ఆ రెండవ రికార్డు విన్నవారు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

దీనికి డిలాన్‌ను ఒక్కణ్ణి తప్పు పట్టి ప్రయోజనం లేదు. తూర్పు గాయకుడు ఆ మార్కెట్టులో ఒక వాతావరణం, ఒక రంగు, ఒక వేషం. అతడి పాటలోని తాత్త్వికత, కులాన్ని కాదన్న ధిక్కారం, బిచ్చమెత్తి బతికే అతడి బతుకు, ఇవి ఆ మార్కెట్టుకు అక్కరలేదు. మనస్సును వెల్లడి చేస్తామన్న సంగీతం ఇక్కడ మనిషిని కప్పిపుచ్చింది.

5

ఇక మన గడ్డ మీదికి వద్దాం. మనస్సును వెల్లడి చేసే పాట మనకు కొత్తగా దిగుమతి కావలసిన అవసరం లేదు. మన తత్వాలు అటువంటి పాటలే. తలకిందుల మాటలతో, పొడుపుకథల వంటి బొమ్మలతో, ఏకతార మీద ఒకే శ్రుతి పట్టుకుని పాడే తత్వం వినేవాడి లోకాన్ని కాసేపు తిరగేస్తుంది. బైరాగి చేతిలో చిలుము కూడా ఉండేదన్న మాట దాచనక్కరలేదు. కాని తత్వాన్ని నిలిపింది చిలుము కాదు. కులాన్నీ ఆచారాన్నీ ఎదిరించిన భావం దాన్ని నిలిపింది. వీరబ్రహ్మంగారి శిష్యులలో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడంటే ఆ పాట ఎవరెవరిని ఒకచోట కూర్చిందో తెలుస్తుంది.

మదనపల్లె పొరుగునే ఉన్న కదిరి సీమలో కటారుపల్లె వేమన సమాధి ఉన్నచోటని ప్రసిద్ధి. వేమన పద్యాల చరిత్రలో మన ప్రశ్నకు చాలా విలువైన సాక్ష్యం ఉన్నది. సి.పి. బ్రౌన్ చేతిరాత ప్రతులు సేకరించి 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆ ప్రతులలో పద్యాలు వేలకు వేలు. అన్నీ ఒక్క మనిషి చెప్పినవి కావని పరిశోధకులు ఎప్పటినుంచో అంటున్నారు. ఊరూపేరూ తెలియని ఎందరో పద్యం చెప్పి చివర వేమన మకుటం తగిలించారు. ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. స్టూడియో వ్యవస్థలో మనిషి పదిమంది పాటను తన పేర రాసుకుంటాడు. మకుటం వ్యవస్థలో పదిమంది తమ పద్యాన్ని ఒకరి పేర రాశారు. ఒకచోట పేరు ఆస్తి, రెండోచోట పేరు ఒక జెండా.

అలాగని పాత పద్ధతి స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పేరు అక్కరలేదనుకోవడం వేరు, పేరు చెప్పుకునే అర్హత లేదని సమాజం నిర్ణయించడం వేరు. నాట్లు వేస్తూ పాట కట్టిన స్త్రీకి, పలక వాయించే మాలమాదిగ కళాకారుడికి పేరు మిగలకపోవడానికి వారి నిరాడంబరతే కారణమని భూస్వామ్య వ్యవస్థ మనకు చెప్పింది. అది అబద్ధం. గనక 'జానపదానికి కర్త ఉండడు' అనే సూత్రాన్ని మనం భక్తితో వల్లించరాదు. కర్త ఉంటాడు, లేదా చాలామంది కర్తలుంటారు. రాసిపెట్టినవారు లేరు, అంతే.

పేరు రాసిపెడితే ఏమవుతుందో మదనపల్లెలోనే ఒక నిదర్శనం ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఇక్కడి థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఠాగూరు 'జనగణమన' పాడగా ఆమె దానికి స్వరలిపి రాసింది. ఆ పాటకు ఠాగూరు ఇంగ్లీషు అనువాదం చేసినదీ ఇక్కడే. చెవి నుంచి చెవికి పోయే పాట ఇక్కడ కాగితమెక్కింది. కవి పేరు నిలిచింది, స్వరం రాసిన స్త్రీ పేరూ నిలిచింది. అదే సంవత్సరం మదనపల్లె చుట్టుపక్కల భజన గురువులు ఎన్ని పాటలు నేర్పారో, వాటిని కట్టినవారెవరో రాసిన కాగితం లేదు. చదువుకున్నవారి పాటకూ చదువు లేనివారి పాటకూ ఉన్న తేడా ఇదే. ప్రతిభలోని తేడా కాదు, కాగితంలోని తేడా.

6

మన దేశంలో గ్రామఫోను కథ 1902 నవంబరులో కలకత్తాలో మొదలైంది. గాయని గౌహర్ జాన్ రికార్డులలో పాట ముగియగానే ఆమె తన పేరు ఇంగ్లీషులో చెబుతుంది. రికార్డులు జర్మనీలోని హానోవరులో అచ్చయ్యేవి గనక, ఏ పలక ఎవరిదో అక్కడి పనివారికి తెలియడానికి ఆ ఏర్పాటు. అయినా వింటుంటే అది మకుటంలాగే ఉంటుంది. యంత్రయుగంలో గాయని చెప్పుకున్న మకుటం అది. తరువాత లేబిళ్ళు సక్రమంగా పడటంతో ఆ అవసరం తీరింది. పేరు గొంతులో నుంచి కాగితం మీదికి వెళ్ళింది. గొంతు గాయకుడిది, కాగితం కంపెనీది.

ఆనాటి పలక మీద ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాత్రంతా సాగే బుర్రకథను దానిలో ఎలా ఇరికిస్తారు? కథకుడు, రాజకీయ వంత, హాస్య వంత, ముగ్గురు కలిస్తే బుర్రకథ దళం. తంబుర, గుమ్మెటలు, అందెలు వారి వాద్యాలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలిలో షేక్ నాజర్ ఈ ప్రాచీన రూపాన్ని కొత్త రాజకీయానికి పదును పెట్టాడు. ఆయన బెంగాలు కరువును పాడాడు, అల్లూరి సీతారామరాజును పాడాడు. ఆ కథలను ప్రభుత్వాలు నిషేధించాయంటే అవి ఎంత లోతుగా నాటుకున్నాయో తెలుస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి, జానపదాన్ని మార్చడం దోషం కాదని నాజర్ నిరూపించాడు. స్వచ్ఛమైన జానపదం అనే భ్రమ ఆయనకు లేదు. గనక 'పాశ్చాత్య యువకులు గిటారు తగిలించి పాతపాటను పాడు చేశారు' అనే వాదం మన నోట రాకూడదు. మార్చినందుకు కాదు, ఎవరి కోసం మార్చారు, మూలాన్ని ఒప్పుకున్నారా లేదా అన్నందుకే విమర్శ.

నాగరికుల వేదిక మీద జానపద గేయానికి గౌరవం తెచ్చినవారిలో వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత అగ్రగణ్యులు. రేడియోలోనూ రికార్డులలోనూ కచేరీలలోనూ వారు పాడటం వల్ల, పల్లెపాట మోటు పాట కాదని మధ్యతరగతి ఒప్పుకుంది. ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ మేలు గాయనుల కీర్తిగా నిలిచినంతగా, పాట చెప్పిన పల్లె స్త్రీల కీర్తిగా నిలవలేదు. ఇది ఆ సోదరీమణుల లోపం కాదు, లేబిలు మీద చెప్పినవారి పేరుకు చోటు కేటాయించని పరిశ్రమ లోపం.

కర్త స్పష్టంగా తెలిసినప్పుడు కూడా రికార్డు ఏం చేయగలదో మన చిత్తూరు సీమ కవి బతుకే చెబుతుంది. తిరుపతి వాసి శంకరంబాడి సుందరాచారి 1942లో 'దీనబంధు' చిత్రం కోసం 'మా తెలుగు తల్లికి' గీతం రాశాడు. చిత్రంలో అది చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు దాన్ని ఇంటింటికీ చేర్చింది. పాట రాష్ట్ర గీతమైంది, బడి పిల్లలందరి నోటా పలికింది. రాసినది ఎవరో తెలియకుండానే తరాలు పాడాయి. కవి 1977లో పేదరికంలోనే కన్నుమూశాడు. కర్త బతికి ఉండగానే పాట జానపదమైపోయింది. ఒక కవికి ఇంతకు మించిన విజయం లేదు, ఇంతకు మించిన అన్యాయమూ లేదు.

7

అదే 1977లో కలకత్తాలో ఒక రికార్డు వచ్చింది. దాన్ని మన దేశపు సైకడెలిక్ జానపదానికి అతి దగ్గరి బంధువు అనవచ్చు. మొహీనేర్ ఘోడాగులి అనే బృందం తొలి రికార్డు అది. బృందం పేరు జీవనానంద దాస్ కవితలోనిది. నాయకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ. అతడు నక్సల్బరీ ఉద్యమంలో పాల్గొని జైలు చూసినవాడు. బావుల్ పాటనూ జాజ్ సంగీతాన్నీ కలిపి తమ మార్గానికి బావుల్ జాజ్ అని పేరు పెట్టుకున్నారు. పదేళ్ళ కిందట బావులు అమెరికా రికార్డు అట్ట మీద బొమ్మలై నిలబడితే, ఇక్కడ బావుల్ పాట నగర యువకుడి మాటలోకి, అతడి ఓటమిలోకి, ఉద్యోగం లేని అతడి సాయంత్రాలలోకి ప్రవేశించింది. ఆ రికార్డును అప్పట్లో కొన్నవారు తక్కువ. బృందం చెదిరిపోయింది. 1990ల నడుమ కొత్త తరం వాళ్ళ పాటలను తిరిగి వెలికి తీసింది. వారి పాటలలో ఒకదాని బాణీ 2006లో హిందీ సినిమాకు కూడా వెళ్ళింది.

మన భాషలో ఆ పని చేసినది బృందం కాదు, ఒక చిత్రం. 1979లో వచ్చిన 'మా భూమి'లో తెలంగాణ సాయుధ పోరాటపు పాటలు స్టూడియోకెక్కాయి. సంగీత బాధ్యత వహించినవారిలో వింజమూరి సీతాదేవి ఉన్నారు. సుద్దాల హనుమంతు కట్టిన పశులకాపరి పిల్లవాడి పాట, బండి యాదగిరి కట్టిన బండెనక బండి పాట ఆ చిత్రం ద్వారా ఊరూరికీ పాకాయి. రెండోది తెర మీద పాడినవాడు గద్దరు. చాలా ఏళ్ళు సామాన్య ప్రేక్షకుడికి అది గద్దరు పాటే. కట్టిన యోధుడి పేరు తెలిసినవారు తక్కువ. పాడినవాడి గొప్పతనం వల్ల కట్టినవాడు మరుగు పడటం రికార్డు యుగం నియమం. ప్రజా ఉద్యమాలు కూడా ఈ నియమం నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. ఈ మాట ఒప్పుకోవడం ఉద్యమాలకు అవమానం కాదు.

8

చట్టం ఏమంటున్నది? 1957 కాపీరైటు చట్టం కర్తకు హక్కు ఇచ్చింది. కర్త లేని పాటకు ఏమీ ఇవ్వలేదు. చిత్రం కోసం డబ్బిచ్చి రాయించిన పాట మీద హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పాడేవాడికి, ఆడేవాడికి ప్రత్యేకమైన హక్కు 1994 సవరణతో గాని రాలేదు. ఆ సవరణ ప్రదర్శకుడు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో గాయకుడు, నర్తకుడు, దొమ్మరి, గారడీవాడు మాత్రమే కాదు, పాములవాడు కూడా ఉన్నాడు. 2012 సవరణ కవికీ సంగీతకర్తకూ రావలసిన రాయల్టీని నిర్మాత పూర్తిగా రాయించుకోకుండా అడ్డుకట్ట వేసింది. పాములవాడిని కూడా గుర్తించిన ఈ చట్టం ముందు, నాట్లపాట కట్టిన కూలి స్త్రీ ఇప్పటికీ కర్త కాదు. ఆమె పాట అందరి సొత్తు. అందరి సొత్తు అంటే ముందు వచ్చినవాడి సొత్తు అని మార్కెట్టు అర్థం చెబుతున్నది.

అందుకే పాత వివాదం కొత్త రూపాలలో వస్తూనే ఉన్నది. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట మీద పెద్ద చర్చ నడిచింది. తాను పల్లెలో సేకరించి వెలుగులోకి తెచ్చిన పాట అని ఒక జానపద గాయని ప్రశ్నించింది. సేకర్తకు హక్కు ఏమిటి, పల్లవి ఉంచి చరణాలు కొత్తగా రాసిన కవికి హక్కు ఏమిటి, మొదట పాడిన అవ్వకు హక్కు ఏమిటి? మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. వాటిలో మూడోదాన్ని అడిగినవారు అందరికంటే తక్కువ.

నేడు హైదరాబాదు చౌరస్తా వంటి బృందాలు తెలుగు జానపదానికి రెగ్గే వంటి విదేశీ లయలు జోడించాయి. స్టూడియో ఇప్పుడు ఒక గది కూడా కాదు, ఒక పెట్టెలో ఇమిడిపోయింది. 78 వేగపు పలక మూడు నిమిషాల హద్దు పోయింది. ఎల్పీ పోయింది, కేసెట్టూ పోయింది. లేబిలు అనే కాగితం చక్రం కూడా పోయింది. కాని పాట కింద పేర్లు వేసే చోటు పోలేదు. ఆ చోటు కోసం ఇప్పుడు కాగితపు కొరత కూడా లేదు. గనక సాకు లేదు.

ఈ బృందాలను మనం ఆహ్వానించాలి. కొత్త వాద్యం వద్దనడం, కొత్త లయ వద్దనడం మన పని కాదు. చెక్కభజన దరువుకు గిటారు తోడైతే ఆకాశం విరిగి పడదు. మనం కోరవలసినది వేరు. పాట ఏ ఊరిదో, ఎవరి నోట విన్నారో, వారు ఏ పని చేసి బతికేవారో రికార్డుతో పాటు చెప్పాలి. ఏ భాగం పాతది, ఏ భాగం తాము కట్టినది అన్న సంగతి విడదీసి చెప్పాలి. కట్టినవారు తెలియకపోతే 'సాంప్రదాయకం' అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకోకుండా, పాడి వినిపించిన మనిషి పేరు రాయాలి. వచ్చిన ఆదాయంలో ఆ మనిషికి, ఆ మనిషి లేకపోతే ఆ ఊరి కళాకారులకు ఒక వాటా పోవాలి. కుప్పంలో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు పాటల పాఠాలతో పాటు పాటగాళ్ళ జాబితాలు కూడా తయారు చేయాలి. రామరాజుగారి తరం పాటను కాపాడింది. పాటగాణ్ణి కాపాడవలసిన బాధ్యత మన తరానిది.

1928లో పాడిన జాన్ హర్ట్‌ను 1963లో వెతికి పట్టుకోగలిగారంటే, ఆయన తన ఊరి పేరును పాటలో పెట్టుకున్నాడు గనకనే. మన పల్లెపాటల్లో ఊరి పేర్లకూ దేవతల పేర్లకూ లోటు లేదు. వాటి పక్కన మనుషుల పేర్లు కూడా చేర్చితే, రేపు ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినప్పుడు దారి దొరుకుతుంది. ఆ చేర్చే పని పెద్దమండ్యం వంటి ఊళ్ళలోని బడిపంతుళ్ళు, యువజన సంఘాలవారు ఇవాళే మొదలుపెట్టవచ్చు. దానికి స్టూడియో అక్కరలేదు. ఒక నోటు పుస్తకం చాలు.